ఉపకారం నుంచి హక్కు దాకా

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వ్యాసం

ఉద్దేశం : ఉన్నత విద్యలో వికలాంగ విద్యార్థులకు ఆర్థిక సహాయం ఎందుకు అవసరమో, అది దాతల దయ అనే దశను దాటి చట్టబద్ధమైన హక్కుగా ఎట్లా రూపొందిందో విద్యార్థులకు తెలియజేయడం; తోటివారి పట్ల జాలికి మారుగా న్యాయదృష్టిని పెంపొందించడం.

పాఠ్యభాగం

1900వ సంవత్సరంలో అమెరికాలోని రాడ్‌క్లిఫ్ కళాశాలలో ఇరవై ఏండ్ల యువతి ఒకరు చేరారు. ఆమెకు చూపు లేదు. వినికిడి కూడా లేదు. పందొమ్మిది నెలల వయస్సులో వచ్చిన జబ్బు ఆ రెండింటినీ హరించింది. అధ్యాపకులు ఉపన్యసిస్తుంటే పక్కన కూర్చున్న గురువు ఆనీ సలివన్ ఆ మాటలను అక్షరాక్షరంగా ఆమె అరచేతిలో వేళ్ళతో రాసేవారు. తరగతికి కావలసిన పుస్తకాలలో బ్రెయిలీ లిపిలో దొరికినవి చాలా తక్కువ. దొరకని వాటిని కూడా సలివన్ అదే విధంగా చేతిలో రాసి చదివించవలసి వచ్చేది. 1904లో ఆ యువతి పట్టభద్రురాలయ్యారు. ఆమె పేరు హెలెన్ కెల్లర్.

ఈ కథ లోకమంతటికీ తెలుసు. కాని ఆ చదువుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ ఆమె ప్రతిభను చూసి ముగ్ధుడై, తన మిత్రుడూ చమురు వ్యాపారంలో సంపన్నుడూ అయిన హెన్రీ రోజర్స్ కుటుంబానికి ఆమె విషయం తెలియజేశాడు. రోజర్స్ ఆమె కళాశాల చదువుకు ధనసహాయం చేశాడు. అది నిస్సందేహంగా గొప్ప మనస్సుతో చేసిన పని. అయితే ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ రచయితకు ఆమెతో పరిచయం కలగకపోతే, ఆ సంపన్నునికి మనసు కరగకపోతే ఏమయ్యేది? అంతటి ప్రజ్ఞ గల మనిషి చదువు ఇద్దరు ముగ్గురి స్నేహం మీద, ఒక్కరి దయ మీద ఆధారపడి నిలిచింది. అటువంటి స్నేహం దొరకని వారు ఎందరు గడప దాటకుండానే ఉండిపోయారో చరిత్రకు తెలియదు.

ఒకే రుసుము - వేర్వేరు ఖర్చులు

విద్యార్థులందరికీ రుసుము ఒక్కటే అయినప్పుడు కొందరికి ప్రత్యేక సహాయం ఎందుకన్న సందేహం సహజంగా కలుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుంటే సమాధానం దొరుకుతుంది. ఒకే ఊరి నుంచి ఇద్దరు మిత్రులు పట్టణంలోని ఒకే కళాశాలలో చేరారనుకుందాం. ఒకరు నడవగలరు. మరొకరు చక్రాల కుర్చీ మీద ఆధారపడినవారు. మొదటి వ్యక్తి ఉదయాన్నే బస్సెక్కి వెళ్తాడు. రెండవ వ్యక్తికి ఆర్టీసీ రాయితీ పాసు ఉన్నా ఎత్తైన బస్సు మెట్లు ఎక్కడం సాధ్యం కాదు. అందుచేత రోజూ ఆటో కావాలి. ఎక్కించి దించడానికి ఒక మనిషి తోడు కావాలి. ఆ తోడు వెళ్ళేది తల్లో తండ్రో అయితే వారి ఆనాటి కూలి పోతుంది. కళాశాల రికార్డులలో ఇద్దరి రుసుమూ ఒక్కటే. ఇంటి లెక్కలో మాత్రం రెండవ వాని చదువు ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ అదనపు వ్యయం వైకల్యాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. చూపు లేని విద్యార్థికి పాఠాలు చదివి వినిపించేవారు, పరీక్షలో జవాబులు రాసిపెట్టే స్క్రైబు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటరు అవసరం. వినికిడి లేని విద్యార్థికి వినికిడి యంత్రం, దాని బ్యాటరీలు, మరమ్మతులు, సంజ్ఞాభాషలో పాఠం తెలిపేవారు కావాలి. కండరాల బలహీనత ఉన్నవారికి క్రమం తప్పని వైద్యం కావాలి. ఇవేవీ సౌకర్యాలు కావు, విలాసాలు అసలే కావు. ఇతరులు ఏ ఖర్చూ లేకుండా చేయగల పనిని, అంటే వినడం, చదవడం, రాయడం, నడిచి తరగతికి రావడం అనే పనులను, చేయడానికి చెల్లించవలసిన మూల్యం ఇది. కనుక ఆర్థిక సహాయం ఒకరికి అదనంగా ఇచ్చే లాభం కాదు. ఒకరిపై అదనంగా పడిన భారాన్ని సమాజం పంచుకోవడం.

ఆ భారం ఎంతటిదో 2011 జనాభా లెక్కలు సూచిస్తాయి. ఆ లెక్కల ప్రకారం భారతదేశంలో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. వారిలో నూటికి సుమారు 45 మంది నిరక్షరాస్యులు. డిగ్రీగాని, అంతకు మించిన చదువుగాని పూర్తిచేసినవారు నూటికి 5 మంది మాత్రమే. పాఠశాల నుంచి కళాశాల వైపు సాగే దారిలో ఎందరు వెనుదిరుగుతున్నారో ఈ అంకెలే చెబుతున్నాయి.

చట్టం చెప్పినది

తెలుగులో ఈ సహాయానికి 'ఉపకార వేతనం' అని పేరు. ఆ మాటలోనే ఉపకారం ఉంది. ఉపకారం చేసేవానికి చేయకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉంటుంది. హక్కు విషయంలో ఆ స్వేచ్ఛ ఉండదు. మన దేశంలో ఈ మార్పు అంచెలంచెలుగా వచ్చింది.

వికలాంగుల ఉద్యమ నాయకులు ఎంతోకాలం కృషి చేసిన మీదట 1995లో పార్లమెంటు వికలాంగుల సమానావకాశాల చట్టాన్ని ఆమోదించింది. అది 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులోకి వచ్చింది. ప్రభుత్వ విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలలోను 3 శాతం సీట్లను వికలాంగులకు కేటాయించాలని ఆ చట్టం నిర్దేశించింది. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2007లో భారతదేశం దానికి కట్టుబడింది. ఆ ఒడంబడికకు అనుగుణంగా 2016లో వికలాంగుల హక్కుల చట్టం వెలువడి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది.

రెండు చట్టాల పేర్లను పోల్చి చూస్తే దృష్టిలో వచ్చిన మార్పు తెలుస్తుంది. 2016 చట్టం పేరులో 'హక్కులు' అనే మాటే ప్రధానం. పాత చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయం పొందే సంస్థలలోను 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలనీ, ప్రవేశానికి గరిష్ఠ వయస్సులో అయిదేండ్ల సడలింపు ఉండాలనీ 32వ సెక్షన్ శాసిస్తుంది. తగిన సందర్భాలలో ఉపకార వేతనాలు ఇవ్వడం, పరీక్షలలో అదనపు సమయం, స్క్రైబు సదుపాయం కల్పించడం ప్రభుత్వాల బాధ్యతలని 17వ సెక్షన్ పేర్కొంటుంది. ఈ 5 శాతం సీట్ల నిబంధనను విద్యాసంస్థలు తప్పక పాటించాలని 2017 డిసెంబరు 15న సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. 2021లో వికాస్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పులో, స్క్రైబు సదుపాయాన్ని 40 శాతం వైకల్యం ఉన్నవారికే పరిమితం చేయరాదని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది.

సహాయం - స్వరూపం

చట్టం చెప్పిన మాట విద్యార్థి చేతికి పథకాల రూపంలో అందుతుంది. కేంద్ర ప్రభుత్వం వికలాంగ విద్యార్థులకు కొన్ని ప్రత్యేక ఉపకార వేతనాలను ఏర్పాటు చేసింది. వాటిలో ఇంటర్మీడియట్ విద్యార్థికి మొదట తెలియవలసినది పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనం. పదవ తరగతి దాటినప్పటినుంచి స్నాతకోత్తర విద్య వరకు ఇది వర్తిస్తుంది. ఇందులో నిర్వహణ భత్యం, పుస్తకాల భత్యంతోపాటు వైకల్యం వల్ల కలిగే వ్యయానికి ప్రత్యేక భత్యం కూడా ఉండడం గమనింపదగినది. రుసుము ఒక్కటే అయినా ఖర్చు వేరన్న సత్యాన్ని ప్రభుత్వం అంగీకరించిందనడానికి ఇదే నిదర్శనం.

పేరుపొందిన ఉన్నత విద్యాసంస్థలలో చేరినవారికి అగ్రశ్రేణి విద్యా ఉపకార వేతనం, పరిశోధన చేసేవారికి జాతీయ ఫెలోషిప్, విదేశాలలో చదవదలచినవారికి జాతీయ విదేశీ ఉపకార వేతనం ఉన్నాయి. సాంకేతిక విద్యను అభ్యసించే వికలాంగ విద్యార్థులకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి 'సక్షమ్' అనే పథకాన్ని నడుపుతున్నది. దీని ద్వారా అర్హులకు ఏటా 50,000 రూపాయలు అందుతాయి. కృత్రిమ అవయవాలు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు వంటి ఉపకరణాల కోసం 1981 నుంచి కేంద్ర ప్రభుత్వపు 'ఆడిప్' పథకం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వాలు కూడా సంక్షేమ శాఖల ద్వారా విద్యార్థులకు తోడ్పడుతున్నాయి. ఆదాయ పరిమితులు, భత్యాల మొత్తాలు, దరఖాస్తు గడువులు మారుతూ ఉంటాయి. అందుచేత ప్రతి విద్యాసంవత్సరం ఆరంభంలోనే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌ను, రాష్ట్ర ప్రభుత్వ ప్రకటనలను పరిశీలించడం అవసరం.

పుస్తకాల విషయంలోనూ మార్పు వచ్చింది. అంధులు చదవగల రూపంలోకి పుస్తకాలను మార్చుకోవడానికి వీలు కల్పించే మరాకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. దానిని 2014లో అన్ని దేశాల కంటె ముందుగా ఆమోదించిన దేశం భారతదేశం. 2016లో 'సుగమ్య పుస్తకాలయం' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. ఒకసారి వినదగిన రూపంలోకి మారిన పుస్తకం వేలమందికి పనికివస్తుంది. వేల ఇండ్లలో విడివిడిగా పడే ఖర్చు అంతమేరకు తగ్గుతుంది.

సీతారామపురం నుంచి

ఆంధ్రప్రదేశ్‌లో మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో 1991లో ఒక పేద రైతు కుటుంబంలో బొల్లా శ్రీకాంత్ పుట్టుకతోనే అంధునిగా జన్మించారు. హైదరాబాద్‌లోని అంధుల పాఠశాలలో చదివి పదవ తరగతిలో 90 శాతానికి మించి మార్కులు తెచ్చుకున్నారు. ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్ర విభాగంలో చేరాలన్నది ఆయన కోరిక. కాని అప్పటి నిబంధనలు అంధ విద్యార్థులకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. కొన్ని నెలల పోరాటం తరువాత అనుమతి లభించింది. పాఠ్యపుస్తకాలను ధ్వనిరూపంలోకి మార్చుకొని, విని నేర్చుకొని, 98 శాతం మార్కులతో ఉత్తీర్ణులయ్యారు. అటుపిమ్మట అమెరికాలోని ప్రసిద్ధమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆయనను పూర్తి ఉపకార వేతనంతో చేర్చుకుంది. చదువు ముగించి స్వదేశానికి తిరిగివచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్‌ను స్థాపించి, ఎందరో వికలాంగులకు ఉపాధి కల్పించారు. 2024లో ఆయన జీవితం ఆధారంగా 'శ్రీకాంత్' అనే హిందీ చలనచిత్రం వెలువడింది.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. పట్టుదల ఉన్నమాట నిజమే. కాని అంతమాత్రమే చెబితే కథలో సగం మిగిలిపోతుంది. ఆయన ప్రయాణంలో మూడు తలుపులు తెరచుకున్నాయి. మొదటిది న్యాయస్థానం ఇప్పించిన అనుమతి. రెండవది చెవితో చదవదగిన పుస్తకం. మూడవది పూర్తి ఉపకార వేతనం. వీటిలో ఏ ఒక్కటి మూసి ఉన్నా ఎంతటి పట్టుదల అయినా గడప దగ్గరే ఆగిపోయేది. చదువుకోవడానికి ఒక విద్యార్థి వీరుడు కావలసిన అవసరం ఉండకూడదు. సామాన్య ప్రతిభ గల విద్యార్థి సామాన్యంగానే చదువుకోగలిగిన నాడు ఆ సమాజం న్యాయమైనది.

చేతికందని సహాయం

పథకం ఉండడం వేరు. అది అందడం వేరు. సహాయానికి మొదటి మెట్టు వైకల్య ధ్రువీకరణ పత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 'సదరం' శిబిరాలలో వైద్యులు పరీక్షించి వైకల్య శాతాన్ని నిర్ణయించే పద్ధతి తెలుగువారికి పరిచితమే. తరువాతి కాలంలో దేశమంతటికీ ఒకే గుర్తింపు సంఖ్యగా యూడీఐడీ కార్డు వచ్చింది. నడవలేని మనిషి తాను నడవలేనని నిరూపించుకోవడానికే ఆసుపత్రి చుట్టూ పలుమార్లు తిరగవలసి రావడం విషాదం. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా, బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానం కాకపోయినా దరఖాస్తు నిలిచిపోతుంది. దరఖాస్తును కళాశాల సకాలంలో ధ్రువీకరించకపోతే విద్యార్థి తప్పు లేకుండానే ఆ సంవత్సరం సహాయం చేజారుతుంది.

ఆలస్యం మరొక చిక్కు. తరగతులు ప్రారంభమైనప్పుడు కావలసిన ఆటో కిరాయి విద్యాసంవత్సరం చివర చేతికి వస్తే అది చదువుకు తోడ్పడదు. అప్పు తీర్చడానికి మాత్రమే పనికివస్తుంది. అప్పు దొరకని కుటుంబంలో ఆ విద్యార్థి అప్పటికే చదువు మానివేసి ఉంటాడు. ఆకలి వేళకు అందని అన్నం వంటిదే అదను దాటిన సహాయం.

సహాధ్యాయుల బాధ్యత

ప్రభుత్వం ఇచ్చే ధనం తరగతి గది తలుపు దాకా తీసుకురాగలదు. లోపలికి ఆహ్వానించవలసినవారు తోటి విద్యార్థులు, అధ్యాపకులు. దరఖాస్తు గడువును గుర్తుచేయడం, పాఠాన్ని చదివి ఫోనులో రికార్డు చేసి ఇవ్వడం, మేడ మీది తరగతిని కింది గదికి మార్చమని ప్రధానాచార్యులను కోరడం వంటి పనులకు ధనం అక్కరలేదు. కాని వీటిని జాలితో చేస్తే అవతలివారి తల వంగుతుంది. బాధ్యతగా చేస్తే ఇద్దరి తలలూ నిలుస్తాయి.

వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని కాలానుగుణంగా పేర్లు మారాయి. గౌరవప్రదమైన పేరు మంచిదే. అయితే పేరు మారినంత మాత్రాన బస్సు మెట్టు ఎత్తు తగ్గదు, పుస్తకం మాట్లాడదు. అసలైన గౌరవం సమయానికి అందిన సహాయంలోను, ఎక్కదగిన వాలుబాటలోను, సహాధ్యాయి పలకరింపులోను ఉంటుంది. హెలెన్ కెల్లర్ చదువుకు ఒక సంపన్నుని దయ కావలసి వచ్చింది. నేటి విద్యార్థికి కావలసినది దయ కాదు. చట్టం ఇప్పటికే ఇచ్చిన మాట నిలబడడం.

కఠిన పదాలు - అర్థాలు

ప్రజ్ఞ = తెలివి, బుద్ధిబలం
వైకల్యం = అవయవ లోపం
వ్యయం = ఖర్చు
మూల్యం = వెల
ఒడంబడిక = ఒప్పందం
స్నాతకోత్తర విద్య = డిగ్రీ తరువాతి చదువు
భత్యం = ఖర్చుల కోసం ఇచ్చే సొమ్ము
నిదర్శనం = ఉదాహరణ, తార్కాణం
అదను = తగిన సమయం
సహాధ్యాయి = కలిసి చదువుకొనేవాడు

సంధులు

సమానావకాశం = సమాన + అవకాశం - సవర్ణదీర్ఘ సంధి
సహాధ్యాయి = సహ + అధ్యాయి - సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత - గుణ సంధి
ప్రత్యేకము = ప్రతి + ఏకము - యణాదేశ సంధి

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వికలాంగ విద్యార్థులకు ఆర్థిక సహాయం ఉపకారం నుంచి హక్కుగా మారిన క్రమాన్ని వివరించండి.
2. బొల్లా శ్రీకాంత్ విద్యాప్రయాణం ద్వారా గ్రహించవలసిన విషయాలను చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఒకే రుసుము చెల్లించే ఇద్దరు విద్యార్థుల ఖర్చులు ఎందుకు వేరవుతాయి?
2. పథకాలు ఉన్నా సహాయం అందకపోవడానికి గల కారణాలేవి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు
1. ఉపకారం చేసేవానికి చేయకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉంటుంది.
2. చదువుకోవడానికి ఒక విద్యార్థి వీరుడు కావలసిన అవసరం ఉండకూడదు.

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హెలెన్ కెల్లర్ ఏ కళాశాలలో పట్టభద్రురాలయ్యారు?
2. 2016 చట్టం ఎన్ని రకాల వైకల్యాలను గుర్తించింది?
3. 'సక్షమ్' పథకం ఏ విద్యను అభ్యసించేవారికి ఉద్దేశించినది?
4. మరాకేష్ ఒప్పందాన్ని మొదట ఆమోదించిన దేశమేది?